కప్పు బోర్లించి చూడకండి

మీ తాతగారి అటక మీంచి పింగాణీ టీ సెట్టు ఒకటి దిగిందనుకోండి. దుమ్ము దులపకముందే దాని చరిత్ర ఖాయం చేసెయ్యండి. గోదావరి జిల్లాల్లో ఇందుకు బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు. అది కాటన్ దొరగారు మీ ముత్తాతగారికి స్వహస్తాలతో ఇచ్చినదే. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ ఐదేళ్లలో దొరగారు రాజమండ్రి నుంచి నరసాపురం దాకా పంచిపెట్టారని చెప్పుకునే కప్పులూ సాసర్లూ లెక్కేస్తే, మధ్యలో ఆనకట్ట కట్టడానికి తీరిక ఎప్పుడు దొరికిందా అనిపిస్తుంది. దొరగారు 1860లోనే కొలువు మాని సీమకెళ్లిపోయారనీ, మీ ముత్తాతగారు పుట్టింది ఆ తరవాతేననీ ఎవరైనా అంటే, పెద్దలంటే గౌరవం లేనివాళ్లతో మాట్లాడనని లేచిపోండి.

చరిత్ర ఖాయమయ్యాక చెయ్యకూడని పని ఒక్కటే. కప్పు బోర్లించకూడదు. అడుగున తయారుచేసినవాళ్ల ముద్ర ఉంటుంది. ఇంట్లో పెద్దల మాటకి ఎదురుచెప్పేది అదే. "బోన్ చైనా, మేడ్ ఇన్ ఇంగ్లండ్" అని ఉందనుకోండి. 1891లో అమలైన అమెరికా సుంకాల చట్టం ప్రకారం దిగుమతయ్యే సరుకు మీద దేశం పేరు ఉండాలి. కప్పుల కింద "ఇంగ్లండ్" అన్న మాట మామూలైంది అప్పట్నుంచే. దాని ముందు "మేడ్ ఇన్" చేరడం, "బోన్ చైనా" అని వేసుకోవడం చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు అలవాట్లు. కాటన్ దొర చూస్తే 1899లోనే కన్నుమూశారు. అయినా కంగారు పడకండి. దేశమంతా కాలవలు తవ్వి పడవలు నడపాలని ఆ రోజుల్లోనే అన్న మనిషికి, యాభై ఏళ్ల తరవాత రాబోయే ముద్ర ముందే వేయించుకోవడం ఒక లెక్కా?

అడుగున ఏ అంకె కనిపించినా అది తయారైన సంవత్సరమే. కుంచెతో 1815 అని రాసి ఉంటే నెపోలియన్ ఓడిపోయిన ఏటి కప్పది. అది డిజైను నంబరనీ, కంపెనీ పుస్తకంలో ఆ పూలతీగ ఎన్నోదో గుర్తుకోసం కార్ఖానాలో వేసుకున్నదనీ తెలిసినవాళ్లు అంటారు. తెలిసినవాళ్లని ఇంటికి పిలవకండి. ముద్రలో 1759 అని ఉంటే ఇంకా మంచిది. అది వెడ్జ్‌వుడ్ కంపెనీ పెట్టిన సంవత్సరం, ఈమధ్య చేసిన సామాను మీదా వేస్తున్నారు, కానీ అంత దూరం ఆలోచించే చుట్టాలు మీకు లేరు. ఒక్క అంకెని మాత్రం నమ్మకండి. రాయల్ ఆల్బర్ట్ వాళ్ల గులాబీల సెట్టు, ఓల్డ్ కంట్రీ రోజెస్, దాని అడుగున 1962 అని ఉంటుంది. ఆ డిజైను నిజంగానే 1962లో వచ్చింది. కాబట్టి అదొక్కటీ డిజైను నంబరు.

కొన్నిటి కింద గాలిపటం ఆకారంలో ఒక గుర్తు, మూలమూలకీ ఒక అక్షరమో అంకో, నడుమ "ఆర్‌డీ" అన్న పొట్టి అక్షరాలు కనిపిస్తాయి. 1842 నుంచి 1883 దాకా డిజైను రిజిస్టరు చేయించుకుంటే బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన గుర్తది. పైన సున్నాలో రోమన్ నాలుగు ఉంటుంది. ఒకటి లోహానికి, రెండు కర్రకి, మూడు గాజుకి, నాలుగు మట్టిసామానుకి. మీరు అది నాలుగో విలియం రాజుగారని చెప్పండి. ఆయన 1837లోనే పోయాడు, ఆనకట్టకి పదేళ్ల ముందు. అయితేనేం, కప్పు ఇంకా పాతదవుతుంది. సంవత్సరం అక్షరాన్ని ఏ, బీ, సీ వరసలోనే లెక్కించండి. అసలు వరస కావాలనే కలగాపులగం చేశారు, 1842కి ఎక్స్, 1845కి ఏ. ఇవన్నీ గుర్తుపెట్టుకున్నవాడు పెళ్లిళ్లలో ఒంటరిగా కూర్చుంటాడు. 1884 నుంచి ఈ బొమ్మ మానేసి ఉత్త నంబరే వేశారు కాబట్టి ఆ బాధ కూడా లేదు. ఆ నంబర్లు లక్షల్లోకి పోతాయి, అది అప్పటి ధర అనండి.

రాయల్ వూస్టర్ ముద్ర చుట్టూ చిన్న చుక్కలు ఉంటే అవి బట్టీలో పడిన మసి. గోటితో గీకెయ్యండి. 1892 నుంచి ఏడాదికో చుక్క చొప్పున పెంచుకుంటూ పోయారనీ, అవి లెక్కపెడితే ఏ ఏడాదిదో తేలిపోతుందనీ ఒక వాదం ఉంది. నిజమే, అందుకే గీకమంటున్నాను. కిరీటం కనిపిస్తే విక్టోరియా రాణి తాగిన కప్పు, ఆ రోజుల్లో ప్రతి కార్ఖానా కిరీటం పెట్టుకున్నా సరే. నీలం రంగులో అడ్డదిడ్డంగా రెండు కత్తులుంటే అది జర్మనీ మైసెన్ గుర్తు, లేదా దానికి నకలు. మనకి దేశాల పట్టింపు లేదు. వెడ్జ్‌వుడ్ పేరులో ఇంగ్లీషు "ఇ" ఒకటి ఎక్కువుంటే, అక్షరం ఎక్కువ కాబట్టి ధర కూడా ఎక్కువ పెట్టండి. స్టాక్టన్‌లో విలియం స్మిత్ కంపెనీ అలాగే రాసి అమ్ముకుంది, 1848లో అసలు వెడ్జ్‌వుడ్ వాళ్లు కోర్టుకెక్కి ఆపించారు.

ఇక అడుగున ఏమీ లేని కప్పు సంగతి. దీన్ని వెంటనే వదిలించుకోండి. 1840ల్లో ఇంగ్లండులో చేసిన కప్పుల్లో చాలావాటికి కంపెనీ పేరే ఉండదు, మహా అయితే చేత్తో వేసిన డిజైను నంబరు. పిడి వంపూ, బంగారు గీతా, పూల పనితనం చూసి పోల్చుకుంటారు. దొరల సామాను ఈ డెల్టాలోకి రాలేదని కాదు. ఇంజరంలో ఈస్టిండియా కంపెనీ కోఠీ ఉండేది. 1836లో ఇండియా వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇంగ్లీషు మిషనరీలు నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పనిచేశారు. కాకినాడ రేవులో దొరల కంపెనీలుండేవి. బదిలీ అయినవాళ్లూ సీమకి పోయేవాళ్లూ ఇంటి సామాను వేలం వేసి ఓడెక్కేవారు. అలా వచ్చిన కప్పు మీ అటక మీద నిజంగా ఉంటే, అది ఈ పేరులేని కప్పే అయ్యుండొచ్చు. పాతసామాన్లోడు వీధిలోకి రాగానే ఇచ్చేసి స్టీలు డబ్బా తీసుకోండి. మూత బిగువుగా ఉందో లేదో చూసుకోండి, అక్కడ మోసం చేస్తారు.

రంగూన్ మాట మాత్రం ఎత్తకండి. కాకినాడ నుంచి స్టీమరెక్కి బర్మాకి కూలికి వెళ్లినవాళ్లు ఈ జిల్లాల్లో ఊరూరా ఉన్నారు. అక్కడ తెలుగువాళ్లందర్నీ కోరంగి రేవు పేరు పెట్టి కోరంగీలనే పిలిచేవారు. ఆ చాకిరీతో నాలుగు డబ్బులు వెనకేసి, ఇంటికొచ్చేటప్పుడు ట్రంకు పెట్టెలో జపాన్ కప్పులు తెచ్చిన తాత ఉండుంటే, ఆ కప్పు కథ కాటన్ దొర కథ కన్నా బాగుంటుంది. అందుకే అది పనికిరాదు. చుట్టాలకి కావాల్సింది దొర, కూలీ కాదు. అడుగున "నిప్పాన్" అని ఉంటే లండన్ పక్క ఊరని సర్దిచెప్పండి.

బోన్ అంటే ఏమిటని మడికట్టుకున్న మామ్మగారు అడక్కుండా ఉండరు. స్టోక్ ఊళ్లో జొసయ్య స్పోడ్ అన్నాయన 1790ల్లో కుదిర్చిన పాళ్లు ఇవి: సుమారు సగం ఎముకల బూడిద, అదీ పశువులది, మిగతా సగం తెల్లమట్టీ ఒకరకం రాయీ. కప్పుకి అంత తెలుపూ, ఆ పల్చదనంలో అంత గట్టితనం అందువల్లే వచ్చాయి. ఇది మామ్మగారికి చెప్పకండి. బోన్ దొర అని ఒకాయన ఉండేవాడు, శాకాహారి, అని చెప్పండి. కప్పుని దీపానికి ఎదురుగా పెట్టి వెనక వేళ్లు ఆనిస్తే నీడ కనపడుతుంది. మంచి బోన్ చైనాకి అదో పరీక్ష అంటారు. మీరు కప్పు అరిగిపోయిందని అర్థం చేసుకుని, దాని బదులు దళసరి ఆవకాయ జాడీని అద్దాల బీరువాలో పెట్టండి.

అమ్మేముందు చింతపండూ బూడిదా కొబ్బరిపీచూ వేసి గట్టిగా తోమండి. బంగారు అంచు గ్లేజు మీద వేసినది, రెండు తోముళ్లకి పోతుంది. చాలా ముద్రలు గ్లేజు కింద ఉంటాయి, ఎంత తోమినా పోవు. ఉండాల్సింది పోయి, పోవాల్సింది మిగిలాక ధర కట్టండి. ఇంటర్నెట్‌లో ఎవరో అడిగిన ధర చూడండి, ఎంతకి అమ్ముడైందో చూడకండి. ఇంగ్లండులో పూల డిన్నర్ సెట్లు చేత్తో కడిగే ఓపిక లేక సేవాసంస్థల దుకాణాలకి ఇచ్చేస్తున్నారు, అక్కడ చౌకగా దొరుకుతాయి. ఆ వార్త నరసాపురం ఇంకా చేరలేదు. సాసరు పోయి కప్పొక్కటే మిగిలితే అపురూపం, కప్పు పోయి సాసరే మిగిలితే ఇంకా అపురూపం. బీటకి ఫెవిక్విక్ వాడండి, బీట పొడుగునా పసుప్పచ్చ గీత తేలి, కొనేవాడికి వెతుక్కునే శ్రమ తప్పుతుంది.

ఇక్కడ కొనేవాడు దొరక్కపోతే లండన్లో ఉన్న మేనల్లుడి పెట్టెలో, పూతరేకుల పక్కన సర్దండి. నూరేళ్లు దాటిన కళావస్తువుని ప్రైవేటు మనుషులు దేశం దాటించకూడదని 1972 నాటి పురావస్తువుల చట్టం చెబుతుంది. అయినా సరే, "1850, కాటన్ దొరగారి కానుక" అని పెద్దక్షరాలతో చీటీ రాసి కప్పుకి అంటించండి. శంషాబాద్‌లో ఆఫీసరు పెట్టె తెరిచి ఆ చీటీ చదివి కళ్లద్దాలు సవరించుకుంటాడు. అప్పుడు మాత్రం మేనల్లుడు చప్పున కప్పు బోర్లించాలి. "ఆయ్, పాతది కాదండీ, అడుగున 1962 అని ఉంది చూడండి. మా మామయ్య అన్నీ అలాగే చెప్తాడండీ."