పుస్తెలమ్మి కొన్న వాల్వు

పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మా గోదావరి జిల్లాల్లో. అన్నవాళ్ల పుస్తెలు మాత్రం బీరువాలో భద్రంగానే ఉంటాయి. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస, వరదకు ఎదురీది ఎర్రనీళ్లలోకొస్తే పులస. ఐసుపెట్టెలో లారీ ఎక్కి వచ్చిన విలసని పులసని చెప్పి అమ్మేవాళ్లున్నారు. దాన్నే తిని, కళ్లు మూసుకుని, "గోదారి నీళ్ల మహిమండీ" అని లొట్టలేసేవాళ్లూ ఉన్నారు. ఈ రెండో జాతి ఈమధ్య గిటారు కుర్రాళ్లలో బాగా పెరిగింది. వాళ్ల పులస పేరు ట్యూబ్ యాంప్, అంటే గాజు ట్యూబులతో గిటారు మోత పెంచే పెట్టె.

ఆ ట్యూబునే మా తరం వాల్వు అనేది. స్విచ్చి వేసి, లోపలి గాజు బుడ్లు ఎర్రబడేదాకా ఆగితే గాని రేడియోలో విజయవాడ కేంద్రం పలికేది కాదు. ట్రాన్సిస్టర్ వచ్చి ఆ రేడియో అటకెక్కిన రోజున మా ఇంట్లో ఎవరి కళ్లూ చెమర్చలేదు. ఇప్పుడు మా మేనల్లుడు అదే అటక కింద కూచుని, "వాల్వులో ప్రాణం ఉంటుంది మావయ్యా, డిజిటల్‌ది శవం" అంటున్నాడు. వాడుండేది రాజమండ్రిలో అద్దె గది. ఆ ప్రాణం పూర్తిగా పైకి రావాలంటే యాంప్ మోత ఏడో నంబరు దాటించాలిట. రాత్రి పదింటికి దాటిస్తే పోయేది ఎవరి ప్రాణమో వాడు చెప్పలేదు.

వాడి మాటలో బొత్తిగా సారం లేదనను. మోయలేనంత సిగ్నలు మీదపడితే వాల్వు దాన్ని కత్తిరించినట్టు తెంపేయదు, అల కొసను మెల్లగా గుండ్రం చేస్తుంది. గట్టిగా మీటితే గరగర, మెత్తగా మీటితే తేట. అది వేలికి తెలుస్తుంది, నిజమే. కానీ దాని పుట్టుక చూడండి. ఇంజనీర్లు ఏళ్ల తరబడి వదిలించుకోవాలని చూసిన లోపం అది. 1951లో మెంఫిస్‌లో 'రాకెట్ 88' పాట రికార్డు చేసినప్పుడు, దారిలో దెబ్బతిన్న యాంప్‌లో కాగితాలు కుక్కి వాయించారనీ, ఆ గరగరే తర్వాత రాక్ సంగీతానికి నగ అయిందనీ చెబుతారు. ఒకసారి అడుగంటిన పరమాన్నం బాగుందని, ప్రతి పండక్కీ పనిగట్టుకుని అడుగంటించడం లాంటిదిది.

ఇంకా తమాషా వినండి. నకలు పనికిరాదు, అసలే కావాలనే ఈ భక్తులు దండం పెట్టే దేవుడు మార్షల్. 1962 ప్రాంతంలో లండన్‌లో జిమ్ మార్షల్ కొట్లో తయారైన ఆ తొలి యాంప్, అమెరికావాళ్ల ఫెండర్ బాస్‌మ్యాన్‌ని చూసి దించింది. అంటే గుళ్లో మూలవిరాట్టే నకలు. చిప్పు తీసిన నకలు మాత్రం మైల.

ఇక డెల్టాకి వద్దాం. పెద్ద వాల్వు యాంప్ తలకాయ ఇరవై కిలోలుంటుంది, దాని కింద నాలుగు స్పీకర్ల పెట్టె అంతకు రెట్టింపు. ఇది మోసుకుని నర్సాపురం రేవులో పంటు ఎక్కి, సఖినేటిపల్లిలో దిగి, ఒడ్డున ఆటోవాడితో బేరమాడండి. సాయంత్రానికి వేళ్లలో సత్తువ మిగిలితే అప్పుడు నాదం గురించి మాట్లాడుకుందాం. యాంప్ లోపల వాల్వుకి 400 వోల్టుల పైమాట కావాలి. బయట 230 రావాల్సిన చోట, పందిట్లో లైట్లన్నీ వేసేసరికి కరెంటు కునికిపాట్లు పడుతుంటుంది. వాల్వు పోయిందా, కిళ్లీకొట్లో దొరకదు. వాటిని ఇప్పుడు పెద్దఎత్తున చేసేది రష్యా, స్లొవేకియా, చైనాలే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలై రష్యా సరుకు కొన్నాళ్లు ఆగేసరికి ధరలు ఎగబాకాయి. అమలాపురం కుర్రాడి గిటారు పలకాలంటే రష్యాలో సరాతోవ్ ఫ్యాక్టరీ చల్లగా ఉండాలి.

అలాగని డిజిటల్ బ్యాచిని వదిలేస్తానని సంబరపడకండి. 1998లో లైన్ 6 కంపెనీ చిక్కుడుగింజ ఆకారంలో ఉన్న పాడ్ అనే ఎర్రడబ్బాలో పేరున్న యాంపుల పోలికలు బోలెడు కుక్కింది. 2011లో కెంపర్ అనే పెట్టె వచ్చి, మీ యాంప్‌నే వినిపించండి, అచ్చు దించిపెడతానంది. ఇప్పుడు చిన్న పెట్టెలో వందల గొంతులు. మా వాడి స్నేహితుడొకడు ఒక పెళ్లికోసం మూడు రాత్రులు మేలుకుని వాటిని దిద్దుకున్నాడు. తీరా పెళ్లిలో గణపతి పాట నుంచి అప్పగింతల దాకా ఒకే గొంతుతో లాగించాడు. యాభై రకాల బఫే అంతా చుట్టొచ్చి పెరుగన్నం పెట్టించుకున్నట్టు.

వీళ్ల మీద వాల్వు భక్తులు వేసే పెద్ద నింద ఆలస్యం. మీటిన రెండు మూడు మిల్లీసెకన్లకు గాని శబ్దం రాదట. గాలిలో శబ్దం ఒక మీటరు నడవడానికి పట్టేది కూడా దాదాపు మూడు మిల్లీసెకన్లే. ఆ లెక్కన యాంప్‌కి మూడడుగులు ఎడంగా నిలబడ్డ ప్రతివాడూ శవజాగారం చేస్తున్నట్టే.

అసలు వాద్యానికి కరెంటు ఎందుకో తెలియాలంటే పాలకొల్లు చూడాలి, మాకెంత దూరం? అక్కడ 1969లో పుట్టిన మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్‌కి మామూలు మాండలిన్‌తో ఒక చిక్కొచ్చింది. మీటిన స్వరం మీటినట్టే ఆరిపోయేది. స్వరం నిలవకపోతే గమకం దేన్ని పట్టుకుని ఊగుతుంది? అందుకని ఎలక్ట్రిక్ మాండలిన్‌కి మారి, జంట తీగలు తీయించి, ఐదు ఒంటి తీగలు బిగించుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగ మీదికి దించేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలకి తొమ్మిదేళ్లవాడు కచేరీ చేశాడు. కరెంటు వాద్యం మీద కర్ణాటక సంగీతమేమిటని ముక్కు విరిచినవాళ్లున్నారు. వాళ్లతో నాకు పేచీ ఉన్నా, ఆ గొడవ సంగీతం గురించి. ఆ కరెంటు వాల్వులోంచి వస్తోందా, ట్రాన్సిస్టర్‌లోంచి వస్తోందా అని ఎవరైనా నిలదీసినట్టు నేను వినలేదు. మా మేనల్లుడు అప్పటికి పుట్టలేదు లెండి.

మొన్న మాఘమాసంలో సఖినేటిపల్లి అవతల ఒక పెళ్లికి ఆ స్నేహితులిద్దర్నీ ఆర్కెస్ట్రాలో పిలిచారు. మావాడి యాంప్ పంటు మీద వచ్చింది. ఒక కొస నేనే పట్టాను, నడుం ఇప్పటికీ సాక్ష్యం చెబుతోంది. డిజిటల్ అబ్బాయి చేతిసంచీతో దిగాడు. మైకుసెట్టు అతను వాల్వు ముందు ఒక మైకు నిలబెట్టాడు, ఆ చిన్న పెట్టెకి ఒక వైరు గుచ్చాడు, రెండింటినీ ఒకే మిక్సర్‌లోకి లాగి తన సొంత బాక్సులకిచ్చాడు. అవి ఎన్నో తీర్థాలూ, రెండు ఎన్నికలూ చూసిన బాక్సులు.

నాలుగు పాటలయ్యాక మావాడు ఉండబట్టలేక అతని దగ్గరికెళ్లి, "ఏవండీ, రెండు గిటార్లలో వాల్వుది ఏదో తెలుస్తోందాండీ?" అని అడిగాడు.

"ఆయ్, గిటార్లు రెండున్నాయాండీ?" అన్నాడతను. "ఒకటి ఇందాకే తగ్గించేశానండి. పెళ్లికొడుకు మావయ్యగారు ప్యాడ్లు వినబడట్లేదన్నారు."