ఇల్లు సెట్టవుతోందండీ!

గోడలో బీట కనిపించగానే మేస్త్రీ నోట వచ్చే మాట ఒక్కటే: "ఏం కాదండీ, ఇల్లు సెట్టవుతోంది." ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. కొత్త కోడలు సెట్టవుతుంది, ఉద్యోగంలో చేరిన కుర్రాడు సెట్టవుతాడు. అప్పు చేసి కట్టిన ఇల్లు మూడేళ్ళయినా సెట్టవుతూనే ఉందంటే కింద నేల ఏదో మొరపెట్టుకుంటోందన్నమాట. గోడలకు చెవులుంటాయంటారు గానీ నోరూ ఉంటుంది. ఆ నోట్లో మనం లప్పం కుక్కుతాం.

లప్పమైనా నయం. అంతకంటే చవకైన మందు క్యాలెండరు. కిరాణా కొట్లో ఉచితంగా ఇచ్చిన వేంకటేశ్వరస్వామిని బీట మీద వేలాడదీస్తే ఏడాది గడిచిపోతుంది. బీట స్వామివారి కిరీటం దాటాక గోడగడియారం రంగంలోకి దిగుతుంది. అదీ చాలకపోతే పెళ్ళి ఫోటో, పెద్దది చేయించి మరీ. దానికి మేకు కొడితే పెచ్చూడుతుంది; ఆ పెచ్చు మీదికి పిల్లాడి గ్రాడ్యుయేషన్ ఫోటో. ఈ లెక్కన ముగ్గురు పిల్లలున్నవాళ్ళే కాస్త పెద్ద బీటలను భరించగలరు. ఏ ఇంట్లోనైనా ఫోటోలు కిటికీ మూల నుంచి మెట్ల వరసలో దిగుతున్నాయంటే ఇల్లాలి అభిరుచిని మెచ్చుకునే ముందు ఒకసారి వెనక్కి తొంగి చూడండి.

అన్ని బీటలూ ప్రమాదమా అని అడగొచ్చు. కాదు. వెంట్రుకంత సన్నగా, సాలెగూడులా అల్లుకున్నవి ప్లాస్టరింగువి, చాలావరకు నీళ్ళు సరిగా పట్టకపోవడం వల్ల వచ్చినవి. బీము కింద అడ్డగీతలా వచ్చేది కాంక్రీటుకూ ఇటుకకూ పొత్తు కుదరని చోటు. అక్కడ జాలీ కొట్టి మళ్ళీ పూస్తే సరి. కిటికీ మూల నుంచి ఇటుక వరసల వెంట మెట్లుమెట్లుగా దిగేదానికి మాత్రం భయపడాలి. అది పైన వెడల్పుగా ఉంటే సాధారణంగా గోడ కొస కుంగుతోందని, కింద వెడల్పుగా ఉంటే నడుమ కుంగుతోందని అర్థం. గుంటూరు, నంద్యాల వైపు నల్లరేగడిలో ఈ బాధ మరీ ఎక్కువ. ఆ మట్టి నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుపోతుంది. వేసవిలో ఇంటి అంచుల్లో మట్టి ఎండిపోయి, గచ్చు కింద మాత్రం తేమ మిగిలితే ఒకే పునాది రెండు కార్తెల మీద నిలబడినట్టే. రోహిణికి రోళ్ళు పగులుతాయో లేదో గానీ గోడలు మాత్రం మాట తప్పవు. అప్పుడు విచ్చుకున్న బీటలో గట్టి సిమెంటు కూరితే వానలకు అది మూసుకోలేక పక్కన ఇంకోదాన్ని కంటుంది. అందుకే ముందు నీళ్ళ సంగతి చూడాలి: కారే పైపు, గోడవారనే పడే డాబా నీళ్ళు, చుట్టూ బయటికి వాలుగా గచ్చు లేకపోవడం. బీట కదలడం మానాకే చెక్కి, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపాలి. పెద్దదైతే ఇనుప కడ్డీలతో కుట్లు వేయాలి. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తుగా ఉండే పునాది స్తంభాలైన అండర్‌రీమ్డ్ పైల్స్‌ను ఏనాడో అభివృద్ధి చేసింది. మనమేమో ఖర్చు తగ్గించాలనుకోగానే మొదట కొట్టేసేది మట్టి పరీక్షనే. సింహద్వారం టేకు మీద ఎవరూ చెయ్యి వేయరు.

తాతల మట్టిగోడలు ఇలా పగిలాయా అంటారు కొందరు. పగిలాయి. పండగ పండక్కీ మెత్తి, అలికి, సున్నం వేసేవారు గనుక కనబడలేదు. పైగా ఆ మట్టీ సున్నమూ నేలతో పాటు కాస్త సర్దుకునేవి. సిమెంటుకు ఆ ఓర్పు లేదు.

ఒక్కోసారి మేస్త్రీ మీది కోపం చల్లారిపోతుంది. ఇంటి కింది నేల మొన్నటిదాకా పత్తిచేను. ఎండాకాలం నెర్రెలు విచ్చడం, తొలకరికి పూడుకోవడం దాని బతుకు. అప్పుడు ఆ నెర్రెల్లో కాలు పెట్టి రైతు మబ్బు కోసం చూసేవాడు. ప్లాటు రాళ్ళు పాతిన సంగతి ఆ మట్టికి ఎవరూ చెప్పలేదు.

ఈ ఆదివారం ఆ క్యాలెండరు తీయండి. బీట రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. అడ్డంగా సన్నటి గాజుముక్క అతికించండి. కొన్నాళ్ళకు అది పగిలితే మేస్త్రీకి కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఫోన్ చేయండి.