పడుకోబెట్టి పరుగెత్తించే విద్య

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో. దాని గాయాల పంట మాత్రం జూలైలోనే చేతికొస్తుంది. మే దాకా ఒక్క అంతస్తు దిగడానికి కూడా లిఫ్టు కోసం నిలబడ్డ మనిషి జూన్‌లో రన్నర్స్ గ్రూపులో చేరతాడు. ఐదు కిలోమీటర్లతో మొదలుపెట్టి, పక్కవాడి స్ట్రావా యాప్‌లో పరుగు లెక్క చూసి ఉడుక్కుని, మూడో ఆదివారానికి పదిహేనుకు దూకుతాడు. సోమవారం మోకాలి బయటివైపు సూదిపోటు. నేరం షూ మీద పడుతుంది. షూ మార్చినా పోకపోతే కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న ఎత్తుపల్లాల మీద పడుతుంది. ఆ పదిహేను కిలోమీటర్ల మీద మాత్రం ఎవరికీ అనుమానం రాదు.

డెన్మార్క్ పరిశోధకులకు వచ్చింది. ఐదు వేలమందికి పైగా రన్నర్ల వాచీల్లోని లెక్కలు తిరగేసి 2025లో ప్రకటించారు: గత 30 రోజుల్లో పరుగెత్తిన అత్యధిక దూరాన్ని ఒకే పరుగులో 10 శాతానికి మించి దాటితే గాయం ముప్పు పెరుగుతోంది. రెట్టింపుకు మించి దాటితే ముప్పు కూడా రెట్టింపు దాటుతోంది. కానీ “తగ్గించి పరుగెత్తండి సార్” అన్న ముక్కకు ఫిజియోథెరపీ క్లినిక్కువాళ్లు ఫీజెంతని వసూలు చేస్తారు? అందుకని మంచం వేస్తారు.

ఆ మంచం మీద జరిగే క్రతువు చూసి తీరాలి. ముందు ప్యాడ్లు అంటించి కరెంటు. చీమలు పాకినట్టుంటే పని చేస్తున్నట్టే లెక్క. తర్వాత చల్లటి జెల్ పూసి అల్ట్రాసౌండ్. ఆపైన మసాజ్ గన్ దరువు. చివర మంగళం పాడుతూ నీలం రంగు టేపు. ఈ తతంగమంతా నడుస్తుండగా భక్తుడు వెల్లకిలా పడుకుని ఫోనులో మారథాన్ వీడియోలు చూస్తుంటాడు. పది సిట్టింగుల ప్యాకేజీ తీసుకుంటే డిస్కౌంటు. పది సిట్టింగులయ్యేసరికి మూడు వారాలు గడుస్తాయి, ఆ మూడు వారాలూ పరుగు లేదు కనుక నొప్పి దానంతటదే కాస్త తగ్గుతుంది. కీర్తి మిషనుకు దక్కుతుంది.

ఆ మిషను మహిమ కొత్తగా తేలాల్సింది కూడా కాదు. నొప్పులకూ మెత్తటి కణజాలాల గాయాలకూ అల్ట్రాసౌండ్ ఎంత పని చేస్తుందని 2001లో ఇద్దరు పరిశోధకులు 35 అధ్యయనాలను జల్లెడ పట్టారు. పద్ధతిగా జరిగినవి 10 మిగిలాయి. వాటిలో ఉత్తుత్తి చికిత్స కంటే ఇది మెరుగని చూపినవి రెండే రెండు. పాతికేళ్లు కావస్తోంది. జెల్ డబ్బాలు మాత్రం ఖాళీ అవుతూనే ఉన్నాయి.

ఇక పని చేసిన చికిత్స కథ వినండి. స్వీడన్ ఆర్థోపెడిక్ సర్జన్ హాకన్ ఆల్ఫ్రెడ్సన్‌కు మడమ వెనక అకిలిస్ టెండన్ నొప్పి. ఆపరేషన్ చేయమంటే పై డాక్టరు ఒప్పుకోలేదట. అయితే ఆపరేషన్ చేయక తప్పనంతగా ముదరబెట్టుకుంటానని మెట్టు అంచున నిలబడి మడమను కిందికి దించడం మొదలుపెట్టాడు. పంతం నెగ్గలేదు, నొప్పి తగ్గిపోయింది. 1998లో ఆయన బృందం ఆ పద్ధతినే 15 మంది రన్నర్ల చేత చేయించింది. రోజుకు 180 సార్లు, 12 వారాలు. తేలికనిపిస్తే వీపున బరువు సంచి. పదిహేనుమందీ మళ్లీ పరుగందుకున్నారు. మోకాలి నొప్పికి వ్యాయామాలు వేరు, తొడకూ తుంటికీ బలం పెంచేవి. సూత్రం మాత్రం అదే: భారం మోయడం కాలికి కొద్దికొద్దిగా నేర్పాలి. నేర్చుకోవాల్సింది కాలు, మిషను కాదు.

ఈ సంగతి తెలిసిన ఫిజియోలు మన ఊళ్లలో లేరా? బోలెడుమంది ఉన్నారు. పరుగు ఎంత పెంచారో అడుగుతారు, ఒంటికాలి మీద గుంజీ తీయించి చూస్తారు, నాలుగు వ్యాయామాలు నేర్పి రెండు వారాల తర్వాత రమ్మంటారు. మనవాడు రెండు వారాల తర్వాత వెళ్లేది పక్క వీధి క్లినిక్కుకు. “ఆయన మిషనే పెట్టలేదండీ, ఏవో ఎక్సర్‌సైజులు చెప్పి ఐదొందలు తీసుకున్నాడు” అని గ్రూపులో చాటింపు కూడా వేస్తాడు. ఇంకేముంది, కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఆ ఫిజియో కూడా ఒకరోజు మిషను కొంటాడు. దాని ఈఎంఐ తీరాలి కనుక ఇకమీదట అందరినీ పడుకోబెడతాడు.

వైద్యం మారదు, రోగీ మారడు కాబట్టి మెట్టునే మార్చాలని నా మనవి. అపార్టుమెంటు మెట్టొకటి ఊడబెరికి తెచ్చి, తెల్లటి ఫైబర్ తొడుగు వేసి, నీలం లైటు బిగించి, అటూ ఇటూ రెండు వైర్లు వేలాడదీయాలి. ‘స్వీడిష్ గ్రావిటీ థెరపీ’ అని బోర్డు పెట్టాలి. మడమ దించిన ప్రతిసారీ అది కుయ్యిమనాలి. సిట్టింగుకు పదిహేను వందలు, రన్నర్స్ గ్రూపు వాళ్లకు పది శాతం తగ్గింపు. పన్నెండు వారాలు పడుతుంది కనుక ప్యాకేజీ కూడా దండిగానే ఉంటుంది. ఇంట్లో ఇలాంటి మెట్లు ఉన్నాయి కదా అని ఎవరైనా అడిగితే, వాటికి క్యాలిబ్రేషన్ లేదని చెప్పాలి.