రీచ్ వచ్చింది, అడ్వాన్స్ రాలేదు

పెళ్లి వ్యాపారానికి ఆన్‌లైన్ ప్రచారం అంటే, ముహూర్తం పెట్టుకున్న ఇంటివాళ్లు హాలు కోసమో, వంటవాళ్ల కోసమో, ఫొటోల కోసమో వెతుక్కునే చోట కనిపించడం. ఇది పాత నిర్వచనం. డిజిటల్ మార్కెటింగ్ నిపుణులు దీన్ని సంస్కరించారు. కొత్త నిర్వచనం ప్రకారం అన్ని చోట్లా కనిపించడమే ప్రచారం. వెతికేవాళ్లు అక్కడ ఉన్నారా లేరా అన్నది వ్యాపారి సొంత విషయం.

ఈ సిద్ధాంతం బజారులో ప్యాకేజీల రూపంలో దొరుకుతుంది: సిల్వర్, గోల్డ్, డైమండ్. తణుకు వంటమాస్టరుకూ, గచ్చిబౌలి మేకప్ ఆర్టిస్టుకూ, వరంగల్ షామియానా సప్లయర్‌కూ ఒకటే మందు, మోతాదులోనే తేడా. గోల్డ్ తీసుకుంటే నెలకు ఇన్ని పోస్టులు, ఇన్ని రీల్స్, పైన పండుగ శుభాకాంక్షలు ఉచితం. ఉచితం కనుక పండుగలకు కొరత ఉండదు. జూన్ 21న యోగా దినోత్సవం వస్తుంది. బొబ్బట్ల మీద గరిటెడు నెయ్యి పోసి వడ్డించే క్యాటరర్ పేజీలో ఆ రోజు ఒక సన్నటి మనిషి పద్మాసనంలో కనిపిస్తాడు. కింద క్యాటరింగ్ లోగో, 'ఆర్డర్లకు సంప్రదించండి' అని ఫోన్ నంబరు.

ఏ చానల్ ఎంచుకోవాలో తేలాలంటే, పెళ్లిలో ఏ పని ఎవరు ఖాయం చేస్తారో ముందు చూడాలి. ప్యాకేజీలు దాటేసే మెట్టు ఇదే. తెలుగు ఇళ్లలో పురోహితుడు ముహూర్తం రాసిచ్చిన సాయంత్రమే హాలు వేట మొదలవుతుంది. ఆ వేట పెళ్లికూతురు చేయదు. మేనమామో, బాబాయో, నిరుడు తన పిల్ల పెళ్లి చేసి చేయి తిరిగిన పక్కింటాయనో చేస్తారు. మంచి ముహూర్తానికి ఊరంతా పెళ్లిళ్లే కనుక ముందు అడ్వాన్స్ ఇచ్చినవాళ్లదే హాలు. ఆ తర్వాత వంట. ప్లేటు రేటెంత, ఐటమ్స్ ఎన్ని, వడ్డనకు కుర్రాళ్లు ఎందరు అన్నవన్నీ పెద్దల మధ్యే తేలతాయి. సన్నాయి మేళం, పందిరి, కుర్చీలు అదే పద్దులో పోతాయి. ఫొటోగ్రాఫర్, మేకప్, మెహందీ, సంగీత్ డాన్సు మాస్టరు వంటివి మాత్రమే వధూవరుల చేతికి మిగులుతాయి. వాటి కోసం వాళ్లు ఇన్‌స్టాగ్రామ్ తెరుస్తారు. కాబట్టి ఇన్‌స్టాగ్రామ్ మేకప్‌కు పనికొస్తుంది, ఫొటోకు పనికొస్తుంది. సాంబారుకు రాదు.

ఇంత చిన్న తేడా గుర్తిస్తే ప్యాకేజీలో సగం ఊడిపోతుంది. అందుకే గుర్తించరు.

ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రధాన వస్తువు రీల్. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధిస్తే, జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ తెరిచింది. అప్పటినుంచి పెళ్లి రీలుకు ఒక శాస్త్రం ఏర్పడింది. మొదటి మూడు సెకన్లలో ఏదో ఒకటి గాల్లోకి ఎగరాలి: అక్షింతలు, పూలరేకులు, పొగ, స్తోమత ఉంటే డ్రోన్. నాలుగో సెకనులో పెళ్లికూతురు నెమ్మదిగా తలెత్తుతుంది. జీలకర్ర బెల్లం ఫ్రేములోకి రాదు, అది నెత్తిమీద జిగటగా కనిపిస్తుంది కనుక. తలంబ్రాల దగ్గర పాట ఊపందుకుంటుంది. చివర్లో స్టూడియో పేరు, వంకర్లు తిరిగిన ఇంగ్లిషు అక్షరాల్లో, ఎవరూ చదవలేనంత అందంగా. పాటల దగ్గర ఇంకో చిక్కుంది. లైసెన్సుల కారణంగా బిజినెస్ ఖాతాలకు సినిమా పాటలన్నీ అందుబాటులో ఉండవు. అందుకని వ్యాపారం చేసేవాడు తాను వ్యాపారిని కానని ఖాతా మార్చుకోవడంతో వ్యాపార ప్రచారం మొదలవుతుంది.

రీలు కింద వచ్చే కామెంట్లను వరసగా చదివితే శాస్త్రం ఫలితం తెలుస్తుంది. 'కేక అన్నా.' 'కలర్ గ్రేడింగ్ వేరే లెవెల్ బ్రో.' 'ఏ లెన్స్ అన్నా ఇది?' పెళ్లి చేసుకోబోయేవాడు లెన్స్ పేరు అడగడు. అడిగిన ప్రతివాడూ ఫొటోగ్రాఫరే. భీమవరం ఫొటోగ్రాఫర్ రీలును కాకినాడ ఫొటోగ్రాఫర్ మెచ్చుకుంటాడు, కాకినాడ రీలును కరీంనగర్ మెచ్చుకుంటుంది. అందరికీ రీచ్ వస్తుంది, అడ్వాన్స్ ఎవరికీ రాదు. ఎప్పుడో ఒకసారి నిజంగా పెళ్లి కుదిరిన అమ్మాయి దారితప్పి వచ్చి 'ప్రైస్ ప్లీజ్' అంటుంది. 'డీఎం చేశాం మేడమ్' అని జవాబు. డీఎంలో 'మీ ఈవెంట్ డేట్?' తేదీ చెబితే 'వెన్యూ?' అదీ చెబితే 'మా టీమ్ మీకు కాల్ చేస్తుంది మేడమ్.' కట్నకానుకల మాటలు కూడా ఇంతకంటే తొందరగా తేలతాయి. 'మొదలు ఇంత' అని ఒక అంకె రాస్తే బేరం పోతుందని వ్యాపారి భయం. అంకె లేకపోవడంతో మనిషే పోతుంది.

ఇన్‌స్టాగ్రామ్‌కు న్యాయంగా దక్కాల్సిన మాట ఒకటి ఉంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేసుకునే జంట డిసెంబరులో దిగి, ధనుర్మాసం రాకముందే పెళ్లి కానిచ్చుకోవాలంటే, ఫొటోగ్రాఫర్‌నూ డెకరేషన్‌నూ ఫోన్‌లో చూసి, వీడియో కాల్‌లో మాట్లాడి ఖాయం చేసుకోవడం తప్ప దారి లేదు. వాళ్లు మూడు నిమిషాల డ్రోన్ విన్యాసం అడగరు. ఒక పెళ్లి మొత్తం ఆల్బమ్, ముసలమ్మల ముఖాలతో సహా, చూపించమంటారు. అది పెట్టిన ఖాతాలు అరుదు.

తర్వాతిది ఫేస్‌బుక్, అందులో బూస్ట్ అనే బొత్తాం. ప్రకటనల యంత్రం నిజాయితీగలది, అడిగినదే తెచ్చిపెడుతుంది. లైకులు కావాలంటే లైకు కొట్టే అలవాటున్నవాళ్లను వెతికి చూపిస్తుంది. వాళ్లు బస్సులో కూర్చుని కనిపించినదానికల్లా లైకు కొట్టి దిగిపోతారు. ఇంతకంటే సూక్ష్మమైన ఏర్పాటు, కొత్తగా నిశ్చితార్థమైనవాళ్లకు మాత్రమే ప్రకటన చూపించడం. నిపుణులు దీన్ని చూపించేటప్పుడు గొంతు తగ్గిస్తారు. ఇక్కడ జంట ఉంగరాల ఫొటో పెట్టేది నిశ్చితార్థం అయ్యాక. చాలా ఇళ్లలో హాలుకు అడ్వాన్స్ అంతకుముందే వెళ్లిపోయి ఉంటుంది. కనుక హాలు ప్రకటన కచ్చితంగా హాలు దొరికినవాళ్లకే చేరుతుంది. వయసు పెట్టెలో 22 నుంచి 32 అని నింపడం కూడా ఆనవాయితీ. డబ్బు కట్టే యాభై ఎనిమిదేళ్ల తండ్రికి ప్రకటన కనపడకుండా డబ్బిచ్చి మరీ జాగ్రత్త పడినట్టు లెక్క.

కాలం సంగతి. పెళ్లి వ్యాపారానికి సీజన్‌ను పంచాంగం నిర్ణయిస్తుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. గురు, శుక్ర మూఢాలు వస్తే మిగిలిన నెలలూ ఖాళీయే. 2024లో మూఢం వచ్చి మే, జూన్ నెలలు ముహూర్తాల్లేకుండా గడిచాయి. ప్యాకేజీలో మాత్రం ఏప్రిల్‌లోనే వేసవి పెళ్లిళ్ల ఆఫర్ అని షెడ్యూలై ఉంటుంది, ఎందుకంటే ఆ నమూనా ఇంకెక్కడో, ఇంకెవరి పెళ్లిళ్ల కోసమో తయారైంది. అందులో వరుడు గుర్రం మీద వస్తాడు, వధువు ఎర్ర లెహంగాలో అగ్ని చుట్టూ ఏడుసార్లు తిరుగుతుంది. దాని కింద పాలకొల్లు కల్యాణ మండపం చిరునామా.

జాబితా సైట్లది పాత వృత్తి. జస్ట్ డయల్ 1996లో ఫోన్ సేవగా మొదలైంది. తర్వాతి కాలంలో పెళ్లిళ్లకే ప్రత్యేకమైన సైట్లు వచ్చాయి. ఏడాదికి ఇంత కడితే పేరు పైన ఉంటుంది, లీడ్లు వస్తాయి. ఇలాంటి సైట్లు చాలావాటిలో లీడ్ అంటే ఎవరో ఒకరు ఫోన్ నంబరు ఇచ్చి ఏదో ఒకటి అడగడం. అదే నంబరు ఒకేసారి అరడజను మంది వ్యాపారులకు అందుతుంది. ముందు ఫోన్ చేసినవాడు అదృష్టవంతుడని సైటు సేల్స్ కుర్రాడు చెబుతాడు. 'నమస్తే సార్, ఫంక్షన్ హాల్ కోసం చూస్తున్నారట' అని వ్యాపారి మర్యాదగా మొదలుపెడతాడు. 'బాబూ, నువ్వు ఆరోవాడివి. మా మనవరాలి ఓణీల ఫంక్షన్‌కని పిల్లలెవరో ఊరికే నొక్కారు. అది మొన్ననే మా మేడ మీద అయిపోయింది' అంటుంది అవతలి గొంతు. ఈ సంభాషణ కూడా సైటు లెక్కలో ఒక లీడ్. సైటు పూర్తిగా వృథా అనడానికి లేదు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు, చుట్టాల్లేని నగరంలో పెళ్లి చేసేవాళ్లకు అది పనికొస్తుంది. హైదరాబాద్‌లో అలాంటివాళ్లు చాలామందే ఉన్నారు, మండపేటలో లేరు.

గూగుల్ మ్యాప్‌లో వ్యాపారం పేరు పెట్టుకోవడానికి ఖర్చు లేదు. ఈ ఒక్క దోషం వల్ల ప్యాకేజీల్లో దానికి చివరి వరుస దక్కింది. హాలు వెతికే మేనమామ ఫోన్ తీసి దగ్గర్లోని ఫంక్షన్ హాళ్లు అని కొడతాడు, మాటతో అడుగుతాడు కూడా. గూగుల్ అక్కడ అడిగినదానికి పొంతన, దూరం, పేరుప్రతిష్ఠలు చూసి వరస పెడుతుంది. మేనమామకు కావలసినవి నాలుగే: ఫోన్ నంబరు, కార్లు ఎక్కడ ఆపాలి, భోజనాల హాలులో ఒక బంతికి ఎందరు కూర్చుంటారు, జనరేటర్ ఉందా. పేజీలో ఉండేవి ప్రారంభోత్సవం నాటి రిబ్బన్ ఫొటో, యజమాని ఫొటో, పని చేయని ల్యాండ్‌లైన్. పేజీలోని ఈ ఖాళీని ఖాళీగా ఉండనివ్వని మరో వర్గం ఉంది. 'గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం సార్, మీ లిస్టింగ్ రేపు ఆగిపోతుంది, ఫీజు కట్టండి' అని ఫోన్లు వస్తాయి. ఆ పేజీకి గూగుల్ ఫీజు తీసుకోదు. సిల్వర్ ప్యాకేజీకి ససేమిరా అన్న వ్యాపారులు కూడా ఈ ఫోన్‌కు డబ్బు కట్టేస్తారు.

రివ్యూల విభాగంలో నియమం ఒక్కటే, అయిదు నక్షత్రాలకు తగ్గకూడదు. హాలు తెరిచిన వారంలోనే నలభై మంది 'బెస్ట్ హాల్ ఇన్ టౌన్' అని రాస్తారు; వాళ్లలో ముప్ఫై మంది ఇంటిపేరు యజమానిదే. 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూలకు ఐఎస్ 19000 అనే ప్రమాణం ప్రకటించింది. పాటించడం స్వచ్ఛందం అన్నారు. స్వచ్ఛందంగానే వదిలేశారు. మేనమామ ఈ అయిదు నక్షత్రాలు చదవడు. ఒక నక్షత్రం ఇచ్చినవాళ్లు ఏమన్నారో నేరుగా అక్కడికి వెళ్తాడు. 'లిఫ్ట్ పని చేయలేదు, మా నాన్నగారిని కుర్చీలో మోసుకెళ్లాం' అన్న ఒక్క వాక్యం నలభై పొగడ్తలను తినేస్తుంది. దానికి యజమాని 'లిఫ్ట్ బాగు చేయించామండీ, ఈసారి వచ్చి చూడండి' అని జవాబు రాస్తే సగం నష్టం పూడుతుంది. ఆయన 'ఇది పోటీ హాలువాళ్ల కుట్ర' అని రాస్తాడు.

ఇన్‌ఫ్లుయెన్సర్లు వేరే కులం. పద్ధతి బార్టర్: ఉచితంగా మేకప్ చేస్తే ఒక రీలు, మెహందీ పెడితే ఒక స్టోరీ. భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డబ్బు చేతులు మారకపోయినా, ఉచిత సేవ అందితే అది ప్రకటన అని చెప్పి తీరాలి. చెప్పేవాళ్లు చెబుతున్నారు, రీలు అడుగున, వెంట్రుక మందం అక్షరాల్లో. ఈ బేరంలో అసలు చిక్కు వేరే ఉంది. చూసి వచ్చేవాళ్లు కూడా ఫాలోవర్ల సంఖ్య చెప్పి, తమకూ ఉచితంగా చేయమంటారు.

పిన్‌టరెస్ట్ డెకరేషన్‌వాళ్లకు కస్టమర్లను తేదు, కస్టమర్లు చూపించే ఫొటోలను తెస్తుంది. ఇటలీ తోటలో తీసిన ఫొటో చూపించి అదే అమలాపురంలో నలభై వేలకు కట్టమంటారు. లింక్డ్‌ఇన్, ఎక్స్, థ్రెడ్స్ డైమండ్ ప్యాకేజీలో ఉంటాయి. అంతకుమించి వాటి గురించి చెప్పడానికి లేదు.

చివరిది వాట్సాప్. నిపుణులు దీన్ని చానల్‌గా లెక్కించరు, అందులో గ్రాఫు గీయడానికి ఏమీ దొరకదు కనుక. బిజినెస్ యాప్ 2018 జనవరిలో వచ్చింది, ఉచితం, మెనూ, ఫొటోలు కేటలాగ్‌లో పెట్టుకోవచ్చు. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది దాకా పడతారు, కానీ పంపినవాడి నంబరు ఎవరి ఫోన్‌లో సేవ్ అయి ఉందో వాళ్లకే సందేశం చేరుతుంది. నిపుణులు దీన్ని లోపం అంటారు. క్యాటరర్ నంబరు సేవ్ చేసుకున్నదెవరు? నిరుడు ఆయనతో వంట చేయించుకున్నవాళ్లు, ఆ బంతిలో తిని, కొడుకు పెళ్లికి పనికొస్తుందని చేయి కడుక్కుంటూ నంబరు అడిగినవాళ్లు. పెళ్లిచూపుల కబురు ముందు తెలిసేది వాళ్లకే. ఆయన రోజూ తెల్లవారుజామున స్టేటస్‌లో పెట్టే గుత్తివంకాయ కూర గుండిగ ఫొటో, వెలుతురు లేకపోయినా, ఆవిరికి సగం మసకబారినా, చూడవలసినవాళ్లు చూస్తారు. లోపం ఆయన వైపే ఉంటుంది: ఏడాదంతా స్టేటస్‌లో గుడ్ మార్నింగ్ సూక్తులు పెట్టి, సీజన్ వచ్చాక మెనూ పెట్టడం మరచిపోతాడు.

నెలాఖరున రిపోర్టు వస్తుంది. రంగుల పీడీఎఫ్, ప్రతి బాణం పైకే. రీచ్ పెరిగింది, ఇంప్రెషన్లు పెరిగాయి. ఇంప్రెషన్ అంటే తెర మీదకు వచ్చి పోవడం, చూసినట్టు సాక్ష్యం అక్కర్లేదు. ఎన్ని బుకింగ్‌లు అన్న గడి ఉండదు. అడిగితే 'బ్రాండింగ్‌కు టైం పడుతుంది సార్' అంటారు. రెండో సీజన్‌లోనూ అడిగితే కంటెంట్‌లో దమ్ము లేదంటారు, అంటే తప్పు గుత్తివంకాయదే. మూడోసారి కొత్త చానల్ కలుపుతారు.

ఏ చానల్ పని చేస్తోందో తెలుసుకోవడానికి చవకైన పద్ధతి ఒకటి వాడుకలో ఉంది. అడ్వాన్స్ రసీదు రాసేటప్పుడు 'మా పేరు మీకెవరు చెప్పారండీ?' అని అడిగి, ఆ మాట రసీదు పుస్తకం సగం చీటీ మీద రాసుకోవడం. సీజన్ చివర చీటీలు తిరగేస్తే కొన్నిట గూగుల్ మ్యాప్ ఉంటుంది, ఫొటో స్టూడియోవాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ బాగానే ఉంటుంది, హైదరాబాద్‌లో అయితే సైటు పేరూ తగులుతుంది. క్యాటరర్ పుస్తకంలో ఎక్కువగా కనిపించే జవాబు 'మా బావమరిది గృహప్రవేశంలో తిన్నాం' అన్నది. ఈ ప్రశ్న అడిగిపెట్టే సేవ ఏ ప్యాకేజీలోనూ లేదు, డైమండ్‌లో కూడా.