మా రోజుల్లో ఇంత కంప లేదబ్బీ

మా రోజుల్లో చెరువంటే నీళ్లుండేవి. నీళ్లెండితే గొడ్లు మేసేవి. ఇప్పుడు మా చెరువు కట్టెక్కి చూస్తే ఈ దరి నుంచి ఆ దరి దాకా సర్కారు తుమ్మే. లోపల గొర్రె తప్పిపోతే వెతకడానికి మనిషి దూరలేడు. ముల్లు చెప్పును దాటి కాల్లో దిగిందంటే మూడు రోజులు మంచమే. మా మనవడేమో "పచ్చగా భలే ఉంది జేజినాయనా" అని ఫోటో తీసుకుంటాడు. పచ్చగా ఉన్నదంతా పైరేనా అబ్బీ?

ఈ కంప మన నేలది కాదు. మెక్సికో, కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా ఉత్తరపు కొస దాని పుట్టిల్లు. 1877లో జమైకా నుంచి విత్తనం తెప్పించి దొరల అటవీ శాఖ ఎక్కడ నాటిందనుకున్నారు? మా కడప జిల్లా కమలాపురంలో! కరువు సీమ, వంటచెరకుకు కరువు, నీళ్లు పోయకున్నా బతికే చెట్టు కావాలన్నారు. కాలువ నీళ్ల కోసం తరాల తరబడి ఎదురుచూసిన జిల్లాకు కంప మాత్రం అడక్కముందే అందింది.

పరదేశపుదైతే చాలు చెడ్డదని నేననను. మిరప, వేరుశనగ కూడా సముద్రం దాటి వచ్చినవే. కానీ వాటికి దుక్కి దున్నాలి, కలుపు తీయాలి, ఒక్క ఏడు మనిషి చూడకపోతే పని అయిపోతుంది. దీనికి మనిషితో పనిలేదు, మేక చాలు. కాయ పండితే లేత పసుపు రంగు, నమిలితే తీపి. మేకలూ ఆవులూ ఎగబడి తింటాయి. గింజ మహా గట్టిది. కడుపులో పడి దాని పెంకు కాస్త మెత్తబడుతుందే గానీ లోపలి ప్రాణం పోదు. మేక ఎంత దూరం నడిస్తే అంత దూరం పోయి పేడతో సహా పడుతుంది. నాలుగు వానలు పడ్డాక దొడ్డి పక్క దిబ్బను కాలితో కదిపి చూడండి, మొలకలే మొలకలు. ఆకును మాత్రం ఏ గొడ్డూ ఇష్టంగా ముట్టదు. కాయ తినిపించి ఆకు దాచుకునే ఈ తెలివి మా ఊరి వడ్డీ వ్యాపారికి కూడా లేదు.

పుట్టినచోట దానికి పగవాళ్లున్నారు. గింజ తొలిచే పెంకు పురుగులు, ఆకు కొరికే గొంగళ్లు తరతరాలుగా దాని మీదే బతుకుతాయి. ఇక్కడికి విత్తనం ఒక్కటే ఓడెక్కింది. ఆ దండు అక్కడే ఉండిపోయింది.

పగవాడు వెంటపడితే ఏమవుతుందో మా జేజినాయన కళ్లారా చూశాడు. ఆయన కాలంలో నాగజెముడు ఇలాగే పొలాల మీద పడింది. అదీ అమెరికాదే. 1926లో సింహళం మీదుగా కోషినీల్ పురుగును తెప్పించి వదిలారు. తెల్లటి బూజు పట్టినట్టు మట్టల మీద కూర్చుని రసం పీల్చేస్తుంది. కొన్నేళ్లకే పొదలకు పొదలు కుళ్లి కూలాయి. కంపకూ అలాంటి పురుగునే తెమ్మంటే తేలిక కాదు. దీని కట్టెలతో పొయ్యి వెలిగించేవాళ్లు, బొగ్గు కాల్చి అమ్ముకు బతికేవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్ల నోటి దగ్గర కూడు తీయమని నేను చెప్పను.

మా రోజుల్లో ఎండాకాలం వస్తే ఊరంతా బండ్లు కట్టి చెరువు మట్టి పొలాలకు తోలేది. మొలిచిన కంప పారకు తెగేది. ఇప్పుడు ఎద్దుల్లేవు, బండ్లు లేవు, పిల్లలు బెంగళూరు పోయారు, పొలం బీడు పడింది. మేకలు మాత్రం తిరుగుతున్నాయి. ఇంకేం కావాలి దానికి? కాంట్రాక్టరు జేసీబీతో వచ్చి పైపైన గొరిగేసి బిల్లు పెట్టుకుపోతాడు. వాన పడగానే ఒక్క మొద్దుకు పది కొమ్మలు లేస్తాయి.

నరకడం ఆపి పీకడం మొదలుపెట్టండి. తొలకరికి నేల మెత్తబడగానే మోకాలెత్తు మొక్కను వేరుతో లాగేయండి. పెద్దదైతే చుట్టూ తవ్వి మొద్దును పెకలించండి. కాయలు రాలేటప్పుడు మేకల్ని అటు తోలకండి. తీసిన చోట వేపో కానుగో పెట్టండి. ఖాళీగా వదిలితే మళ్లీ వచ్చేది కంపే.