గుర్తింపు ఉంగరం

దుష్యంతుడు శకుంతలను గుర్తుపట్టడానికి ఒక్క ఉంగరం చాలింది. మన విద్యాశాఖకు ఒకటి చాలదు. పది వేళ్లకూ ఉండాలి, ఒక్కో ఉంగరానికీ మూడేసి జిరాక్సులు, వాటి మీద గెజిటెడ్ సంతకం ఉండాలి. దారిలో చేప మింగేస్తే మళ్లీ మొదటి నుంచి అప్లై చేసుకోవాలి. ఇక్కడ చేపను ఫైలంటారు.

మా తోడల్లుడు ప్రాథమిక పాఠశాల పెట్టాడు. అతనికి పిల్లలంటే ఇష్టం. అదే మొదటి అనర్హత అని మా ఇంట్లో అందరికీ తెలుసు, చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఊరి చివర అర ఎకరం, మూడు గదులు, ఒక వేపచెట్టు. విద్యాహక్కు చట్టం పుస్తకం కొనుక్కొచ్చి ఎర్ర పెన్నుతో గీతలు గీసుకుంటూ చదివాడు. చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆరోజు ఏప్రిల్ ఫూల్స్ డే కావడం కాకతాళీయమే అనుకుందాం.

ముందు సొసైటీ రిజిస్టర్ చేయించాలి. బడిని సొసైటీయో ట్రస్టో నడపాలి, ఎవరి లాభం కోసమూ నడపకూడదు. ఈ నిబంధన చదివినప్పుడు నా కళ్లు చెమర్చాయి. అంటే మన ఊళ్లలోని టెక్నోలు, ఒలింపియాడ్‌లు, గ్లోబల్‌లు, అన్నీ సేవా సంస్థలే! రెండో తరగతికి లక్ష రూపాయలు కట్టినవాళ్లు తాము దాతలమని తెలియక ఇన్నాళ్లూ ఏడుస్తున్నారు పాపం.

తర్వాత భవనం గట్టిదని ఇంజనీరు సర్టిఫికెట్, నీళ్లూ దొడ్లూ శుభ్రమని శానిటరీ సర్టిఫికెట్, నిప్పు అంటుకోదని ఫైర్ ఎన్‌వోసీ, ఆటస్థలం ఉందని ఫొటో. ఆటస్థలం దగ్గర మా తోడల్లుడు చిక్కుల్లో పడ్డాడు. ఉన్న స్థలాన్నే ఫొటో తీసి పెట్టాడు మరి. పక్క వీధి ఇంటర్నేషనల్ స్కూలువాళ్లు నవ్వారు. వాళ్లది మూడంతస్తుల అపార్ట్‌మెంటు, కింద మెడికల్ షాపు. వాళ్ల ఫొటోలో మాత్రం ఫుట్‌బాల్ గ్రౌండు పచ్చగా మెరుస్తోంది. ఎవరిదో స్థలం, ఏడాదికి లీజు. పిల్లలు దాన్ని ఇప్పటికీ చూడలేదు. ఆటో తిరగని ఆ సందులో ఫైరింజను చుట్టూ తిరుగుతుందని కాగితం కూడా వచ్చింది. ఎలా వచ్చిందని అడగడం అమర్యాద.

ఈ కాగితాల మీద నాకు వేళాకోళం లేదు. 2004 జూలై 16న కుంభకోణంలో ఓ బడి వంటపాకలో లేచిన నిప్పు పైనున్న ఆకుల కప్పుకు అంటుకుంటే 94 మంది పసిపిల్లలు కాలిపోయారు. ఆ తర్వాతే, 2009లో, దేశంలోని ప్రతి బడీ అగ్నిభద్రత పాటించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ బిడ్డల బూడిదలోంచి పుట్టిన కాగితాన్ని ఇవాళ కవర్లో పెట్టి కొనుక్కుంటున్నాం. అందుకే ఒళ్లు మండుతుంది.

తనిఖీ రోజున నేనూ ఉన్నాను. అధికారి వచ్చారు, వెంట టేపు పట్టుకున్న కుర్రాడు వచ్చాడు. గది పొడవు కొలిచారు, వెడల్పు కొలిచారు, గోడ ఎత్తు చూశారు. ఎర్ర బకెట్లలోని ఇసుకలోకి వేలు పెట్టి లోతు చూశారు. మూడో తరగతి పిల్ల ఒకతి, రెండు జడలు, ముందు రోజంతా ప్రాక్టీసు చేసింది కాబోలు, లేచి పుస్తకం తెరిచి పాఠం అందుకుంది. రెండు వాక్యాలు కాలేదు, "కూర్చో అమ్మా, కూర్చో" అన్నారు సారు, ప్రేమగానే. ఆయన తప్పేమీ లేదు. చేతిలో ఉన్న ఫారంలో ఆ గడి లేదు. చట్టం షెడ్యూలులో టీచరుకో గది ఉంది, ప్రహరీ ఉంది, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరు మరుగుదొడ్లున్నాయి, ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటలున్నాయి. పిల్లకు చదవడం వచ్చిందా అన్న మాట లేదు.

చదువు చెప్పేవాళ్ల సర్టిఫికెట్లు చూశారు. ఈ సంగతిలో ఇంటర్నేషనల్‌వాళ్లకు ఆరితేరిన పద్ధతి ఉంది: ఫైల్లో ఉన్న టీచరు ఎక్కడో ఇంట్లో ఉంటుంది, క్లాసులో ఉన్న టీచరు ఎక్కడా ఫైల్లో ఉండదు.

అసలు రుచి చట్టంలోని 18వ సెక్షన్‌లో ఉంది. గుర్తింపు లేకుండా ఏ బడీ నడవకూడదు, ఒక్క సర్కారువారి బళ్లు తప్ప. అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని షెడ్యూలు చెబుతుంది. ఒక్క పంతులుతో నడిచే సర్కారు బళ్లు మన రెండు రాష్ట్రాల్లో వేలల్లో ఉన్నాయి. వాటికి తనిఖీ ఫారం అక్కర్లేదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండే కదా.

గుర్తింపు లేకుండా నడిపితే లక్ష వరకు జరిమానా, ఆపైనా నడిపితే రోజుకు పదివేలు. 200 పనిదినాలకు లెక్కగడితే 20 లక్షలు. మా మండలంలో ఇంత సొమ్ము ఎవరూ కట్టినట్టు నేను వినలేదు. జూన్ 12న బళ్లు తెరిచాక గేటుకు ఓ ఫ్లెక్సీ మాత్రం కడతారు: "ఈ పాఠశాలకు గుర్తింపు లేదు, పిల్లలను చేర్పించవద్దు." సంక్రాంతికే అడ్మిషన్లు నిండిన బడికి ఇంతకంటే మర్యాదైన హెచ్చరిక ఉండదు. ఫ్లెక్సీ రెండు వానలకు చినుగుతుంది. ఆ పిల్లల పేర్లు ఇంకెక్కడో గుర్తింపున్న బడి రిజిస్టర్లో కూర్చుని క్షేమంగా చదువుకుంటాయి.

మా తోడల్లుడికి మాత్రం కాగితం వచ్చింది, ఏప్రిల్‌లో. అన్నయ్యా, వచ్చేసింది అంటూ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఇద్దరం అరుగు మీద కూర్చుని చదివాం. బడి పేరుంది, సర్వే నంబరుంది, గదుల కొలతలున్నాయి. గుర్తింపు తాత్కాలికం, ఆ ఒక్క విద్యాసంవత్సరానికే. మర్నాడు బడికి వేసవి సెలవులిచ్చి, రెన్యువల్ చలానా కట్టడానికి టౌనుకు బస్సెక్కాడు.