మూత పడ్డాక నా బతుకు

మూత వేయగానే నేను నిద్రపోయానని అందరూ అనుకుంటారు. నిద్రల్లో ఎన్ని రకాలున్నాయో ల్యాప్‌టాప్‌ని నన్నడగండి, చెబుతాను.

స్లీప్‌లో తెర ఆరిపోతుంది, ప్రాసెసర్‌కి కరెంటు తెగిపోతుంది. ర్యామ్‌కి మాత్రం బ్యాటరీ నుంచి కాస్త అందుతూనే ఉండాలి. దాని జ్ఞాపకం అంత బలహీనం మరి! అందులోని చార్జి కారిపోతూ ఉంటుంది. మామూలుగా 64 మిల్లీసెకన్లకోసారి నింపాలి. నింపడం ఆగిందా, సేవ్ చేయని పని గోవిందా. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996లో తెచ్చిన ఏసీపీఐ ప్రమాణంలో ఈ స్లీప్ పేరు ఎస్3. హైబర్నేట్‌ది ఎస్4. అందులో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద రాసేసి పూర్తిగా ఆగిపోతాను. బ్యాటరీ అయిపోయినా బెంగ లేదు, లేవడం మాత్రం ఆలస్యం.

నా తరంవాళ్లలో చాలామందికి ఎస్3 లేకుండా చేశారు. దాని బదులు ఇచ్చింది కోడికునుకు. ఫోన్ మాదిరి సగం మెలకువతో పడుకోవాలట! కిందటి వేసవిలో విజయవాడలో బస్సెక్కుతూ మా అమ్మాయి టపీమని మూత వేసి నన్ను బ్యాగులో కుక్కింది. లోపల ఏదో ప్రోగ్రాం నన్ను లేపింది. గాలాడదు, ఫ్యాన్ తిరుగుతోంది, ఒళ్లు కాలిపోతోంది. సూర్యాపేట వచ్చేసరికి బ్యాటరీ ఖాళీ.

ఇంటికెళ్లాక ఆమె తమ్ముడు టెర్మినల్ తెరిచి మెమ్‌స్లీప్ అనే ఫైలు చూశాడు. కోడికునుకుకి గుర్తైన ఎస్2ఐడిల్ ఒక్కటే ఉంది, ఎస్3కి గుర్తైన డీప్ అన్న మాటే లేదు. "అక్కా, ఇది పడుకోవట్లేదే. కళ్లు మూసుకుని నటిస్తోంది" అన్నాడు.

హైబర్నేట్ పెట్టుకుందామంటే నన్ను నడిపించే ఉబుంటులో అదంత సులువు కాదు. నా ర్యామ్ 16 జీబీ, దాన్ని రాసిపెట్టడానికి డిస్క్ మీద ఉన్న చోటు, అంటే స్వాప్, 2 జీబీ. ముందు స్వాప్ పెంచాలి. ఉబుంటు గుండెకాయలాంటి కెర్నెల్‌కి అదెక్కడుందో చెప్పాలి. పైగా నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే కెర్నెల్ ఒప్పుకోదు. దాన్ని ఆపితే రక్షణ కొంత తగ్గినట్టే. ర్యామ్‌లోని పాస్‌వర్డులు కూడా డిస్క్ మీదికి ఎక్కుతాయి కాబట్టి స్వాప్‌ని ఎన్‌క్రిప్ట్ చేయకుండా ఈ పని చేయకూడదు. మా అమ్మాయి ఆ రాత్రి ఇవన్నీ చేసింది. ఇలా రోజూ రాస్తే నా డిస్క్, అంటే ఎస్‌ఎస్‌డీ, అరిగిపోతుందని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. రోజుకు కొన్ని జీబీలు రాస్తే అరిగిపోయేంత నాసిరకం సరుకేం కాదది.

ఇప్పుడు మూత వేస్తే ముందు స్లీప్‌లోకి వెళ్తాను. గంటదాకా ఎవరూ లేపకపోతే లోపలి అలారమే లేపుతుంది. లేచి, అంతా డిస్క్ మీద రాసి, పూర్తిగా ఆగిపోతాను. గాఢంగా నిద్రపోవడానికి ఓసారి మేలుకోవడం విడ్డూరమే. అయినా నాకు ఇదే నచ్చింది.

మీ ఇంట్లోనూ నాలాంటిదొకటి ఉండే ఉంటుంది. టీ తాగి వచ్చేలోపు అయితే స్లీప్ చాలు. ప్రయాణమైతే మాత్రం హైబర్నేట్ నొక్కండి, లైటు ఆరేదాకా ఆగండి, ఆ తర్వాతే బ్యాగు జిప్పు వేయండి.